బిల్టీ వచ్చింది, మందు రాలేదు

డెబ్బైల దశకం నడుమ హైదరాబాద్ యాకుత్‌పురాలో ఒక మందుల దుకాణంలో స్టాకు రిజిస్టరు రాసేదాన్ని. ఆర్డరు ఎప్పుడు పెట్టాం, సరుకు ఎప్పుడొచ్చింది, ఏ సీసా ఏ ఇంటికి పోయింది, అంతా నా చేతిరాతే. సేటుగారు కూడా అల్మారా వైపు చూడకుండా నన్నే అడిగేవారు. దాంతో నాకు కళ్లు నెత్తికెక్కాయి.

సరుకు మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. బిల్టీ, అంటే రైల్వే రసీదు, విడిగా పోస్టులో వచ్చేది. ఆ కాగితం చూపిస్తేనే స్టేషన్‌లో పెట్టె ఇస్తారు. బిల్టీ చేతికొస్తే మాల్ వచ్చినట్టే అని సేటుగారి మాట. అందుకని బిల్టీ అందిన రోజే రిజిస్టరులో జమ రాసేసేదాన్ని. టానిక్కులకూ మాత్రలకూ అది చెల్లింది. పెట్టె తేవడం రెండు రోజులు ఆలస్యమైతే దగ్గు మందు ఏమీ అలగదు.

ఆ మే నెలలో వచ్చిన బిల్టీలో ఇన్సులిన్ కూడా ఉంది. జమ రాసి, కాగితం మేకుకు గుచ్చి, వేరే పనిలో పడ్డాను. మర్నాడు సాయంత్రం రైల్వే గ్యాంగ్‌మన్ ఒకాయన వచ్చాడు. ఆయన పదకొండేళ్ల కూతురికి రోజూ ఇన్సులిన్ సూది పడాలి. అప్పుడు ఊరంతా, పెద్దాసుపత్రిలో కూడా, ఆ మందుకు కరువు.

"ఇయ్యాలటితోని సీసా ఒడుస్తది అక్కా. మీ దగ్గర ఉన్నదా? సికింద్రాబాద్ల ఒక దుకాణంల ఒక్కటే ఉన్నదంట. లేదంటే ఇప్పుడే పోత."

ఫ్రిజ్ నా పక్కనే ఉంది. తెరవలేదు. పుస్తకం తిప్పి, "రెండున్నయ్ అన్నా. పోకు. రేపు పొద్దుగాల వచ్చి తీస్కపో" అన్నాను. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లు పాత సీసా అయ్యేదాకా కొత్తది మా దగ్గరే ఉంచేవారు. ఆయన నమ్మి వెళ్లిపోయాడు.

పొద్దున్నే తడిగుడ్డ చుట్టిన గిన్నెతో వచ్చాడు. ఫ్రిజ్ తెరిచాను. ఇన్సులిన్ పెట్టే అర ఖాళీగా ఉంది. మేకుకున్న బిల్టీ లాక్కున్నాను; పెట్టె ఇంకా స్టేషన్‌లోనే ఉంది.

ఇద్దరం రిక్షాలో స్టేషన్‌కు పరుగెత్తాం. రేకుల షెడ్డులో మా పెట్టె మూడో రోజు వేడికి మాడుతోంది. విప్పితే సీసాలు చేతికి వేడిగా తగిలాయి. మందు మాత్రం నీళ్లలా తేటగానే ఉంది.

"మంచిగనే ఉన్నది గద అక్కా. ఇయ్యి" అన్నాడు.

"వేడికి దీని బలం పోయి ఉంటది అన్నా. పోకపోయి కూడా ఉండొచ్చు. తెల్వకుండ పిల్లకు ఎట్ల ఇయ్యాలె?"

"నిన్న తెల్వకుండనే ఉన్నదంటివి గద."

కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

దుకాణానికి వచ్చేసరికి సికింద్రాబాద్ సీసా అమ్ముడుపోయిందని ఫోనులో తెలిసింది. సేటుగారు మద్రాసుకు ట్రంకాల్ చేశారు. కొత్త మందు రావడానికి మూడు రోజులన్నారు. మధ్యాహ్నానికి పిల్ల బిందెలకు బిందెలు నీళ్లు తాగుతోందనీ, వాంతులు మొదలయ్యాయనీ కబురు వచ్చింది.  

అప్పుడు పుస్తకం వెనక్కి తిప్పాను. ఎవరికి ఏ సీసా ఇచ్చామో రాసిన వరుసలో దబీర్‌పురా చిరునామా ఒకటి దొరికింది. ఒంటరిగా ఉండే ముసలి ఉర్దూ టీచరమ్మ. మూడు వారాల కింద ఒక సీసా.

వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ లేచి, తడి ఇసుక పోసిన కుండలోంచి సీసా తీసింది. అడుగున కాస్త మందుంది. మూడు రోజులకు ఇద్దరికి రాదు.

"తీస్కపో బేటీ. నా దగ్గర ఇంకోటి ఉన్నది."

ఆవిడ మా దగ్గర తప్ప ఎక్కడా కొనదు. నా పుస్తకంలో ఆవిడ పేరు మీద ఉన్నది ఒకటే సీసా. ఈసారి పుస్తకం అబద్ధం చెప్పడం లేదు. నాకు తెలుసు. తెలిసే ఆ సీసా తీసుకుని వచ్చేశాను.

సాయంత్రానికి పిల్ల వాంతులు ఆగాయి. ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. పిల్ల తల్లి నా చేతులు పట్టుకుని దండం పెడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

మూడో రోజు రైలు రాకముందే స్టేషన్‌లో ఉన్నాను. మందును ఐసు పోసిన ఫ్లాస్కులో పెట్టుకుని తిన్నగా దబీర్‌పురా వెళ్లాను. తలుపు కొట్టాను. చాలాసేపు ఎవరూ తీయలేదు. మళ్లీ కొట్టాను. చివరికి గడియ కదిలింది. పెదాలు తెల్లగా ఎండిపోయి, కళ్లు లోపలికి పోయి, ఆవిడ నిలబడి ఉంది.

"గింత ఉరుక్కుంట వస్తివేంది బేటీ? ఇంకోటి ఉన్నదని చెప్పిన గద" అంది, గోడ పట్టుకుని.