యాదమ్మక్క హాస్టల్లో అందరికీ బెడ్లు

ఒకే ఒక్క వరుస కోడుతో చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్ ముందు ఆటోలు బారులు తీరేలా చేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నా మీద జాలి మాత్రం పడకండి, అప్పట్లో నేను అందుకు తగిన మనిషిని కాదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. హాస్టల్ యాదమ్మక్కది. వెబ్ అప్లికేషన్ రాసిపెట్టినందుకు పైఅంతస్తులో ఒక గది నాకొక్కదానికే ఇచ్చింది. బెడ్ ఖాయమైన అమ్మాయికి వెంటనే మెసేజ్ వెళ్లాలంది. ఇలాంటివి కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కుల్లో ఒక పద్ధతి ఉంది: వివరాలు భద్రపరిచే ఫైలు, అంటే మోడల్, ఆ పనే చేయాలి, కబుర్లు పంపే పని వేరే ఫైలుకు వదిలేయాలి. పుస్తకంలో ఆ పేజీ చదివాను కూడా. ఒక్క వరుస కోసం ఇంకో ఫైలా అని నవ్వుకుని, ఒక్కో అమ్మాయి వివరాల రికార్డు సేవ్ అయిన ప్రతిసారీ మెసేజ్ వెళ్లేలా మోడల్లోనే రాసేశాను. తలుపు మూసినప్పుడల్లా కాలింగ్ బెల్ మోగేలా తీగ కలిపినట్టన్నమాట. పరీక్షకని ఒకటో రికార్డు అక్క పేరుతోనే పెట్టాను. మెసేజ్ వచ్చింది. ఆమె మురిసిపోయింది. నేను అంతకన్నా.

ఏడాది తర్వాత ఒక ఆదివారం పొద్దున, ఇంగ్లిష్‌లో పేర్లన్నీ చిన్న అక్షరాలతో మొదలవుతున్నాయని, మర్యాదగా లేదని అక్క అంది. చిటికెలో పని. ప్రతి రికార్డూ తెరిచి, పేరు దిద్ది, సేవ్ చేసేలా నాలుగు వరుసలు రాసి, టిఫిన్‌కు కూర్చున్నాను. ఉప్మా సగంలో ఉండగా అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది.

“గిదేందే? బెడ్ ఖాయమైంది, సాయంత్రం ఆరు లోపు రమ్మంటుంది. నా హాస్టల్ల నాకే బెడ్ ఇస్తున్నవా?”

ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్లకూ, ఖాళీ లేదని తిప్పి పంపాక సేవ్ నొక్కకుండా గుత్తగా జాబితాలోకి ఎక్కించినవాళ్లకూ, అందరికీ వెళ్లింది. మధ్యాహ్నం దాకా ఫోన్లలో క్షమాపణలు చెప్పాను. పెళ్లయి బడంగ్‌పేట్‌లో కాపురముంటున్న ఒకామె, పాత బెడ్ ఇస్తానంటే నిజంగానే వస్తానంది. కొందరు ఫోన్ ఎత్తలేదు. వాళ్లు ఆటోల్లో ఉన్నారు.

వచ్చినవాళ్లలో చాలామంది నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయారు. స్రవంతి వెళ్లలేదు. మిర్యాలగూడ నుంచి తండ్రితో, ట్రంకుపెట్టెతో ఎల్బీనగర్‌లో బస్సు దిగి వచ్చింది. తెల్లారితే దిల్‌సుఖ్‌నగర్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సు మొదలు. మా దగ్గరే కాదు, ఎక్కడా బెడ్ దొరక్క, కోర్సే మానేద్దామనుకుంటుండగా మా మెసేజ్ అందిందట.

తండ్రి ఫోన్ చూపించి, “ఖాయమని మీరే పంపిన్రు గదమ్మా” అన్నాడు. కోపంగా అనుంటే బాగుండేది.

అక్క నా వైపు తిరిగింది. “మెసేజ్ అబద్ధం కావొద్దు. నీ గదిల ఇంకో మంచం పడ్తదా?”

“పడుతుందక్కా” అన్నాను.

పట్టింది. నెల తిరక్కుండానే స్రవంతి నా కోడు చూసి, “అక్కా, గిది మోడల్ల ఎందుకు పెట్టినవ్? మాకు మొదటి వారమే వద్దని చెప్పిన్రు” అంది. ఆ వరుసను తీసి వేరే ఫైలులో తనే పెట్టింది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే ఆఫీసు. నా కోడు సరిచూసేది ఆమే.

అక్క పోయి ఏడాది కావస్తోంది. హాస్టల్ ఆమె కోడలు నడుపుతోంది. అప్లికేషన్ ఇంకా మేమే చూస్తున్నాం. దేన్ని కదిపితే ఏది మోగుతుందో చూసుకోకుండా జన్మలో సేవ్ నొక్కనని పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. అక్క పేరున్న ఆ ఒకటో రికార్డును మాత్రం చూసుకుని కూడా నొక్కను. దానివల్ల ఇప్పుడు ఏ మెసేజూ వెళ్లదని తెలుసు. కానీ పొరపాటున వెళ్లిందా, అక్క సాయంత్రం ఆరు లోపు వచ్చి నిలబడుతుంది, మెసేజ్ అబద్ధం కావొద్దని.