ఒక దెబ్బ ఎగిరిపోయిన రికార్డు

ఇలా దగ్గరగా కూర్చోండి, చెబుతాను. నేను డబ్లిన్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉండగా, మా అల్లుడుగారు ఫిన్లాండ్ వాళ్ళ పాత జాజ్ రాక్ రికార్డు ఒకటి తెచ్చారు. కాసేపు విని ముఖం చిట్లించారు.

"గీత పడిందత్తయ్యా, ప్రతిసారీ ఒక బీట్ ఎగిరిపోతోంది. డొనేట్ చేసేస్తాను."

"ఉండండి బాబూ, మళ్ళీ పెట్టండి."

తొడ మీద తాళం వేసి చూశాను. తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు. మా నాన్న భజనలో చిడతలు వాయించిన లెక్కే!

"ఏదీ ఎగరలేదు బాబూ. మీరు ఎనిమిది ఎంచుతున్నారు, వాళ్ళు వాయించేది ఏడే."

ఆయన వేళ్ళ మీద ఎంచుకుని, "ఓర్నాయనో!" అంటూ రికార్డును అలమారలో దాచుకున్నారు. నాకు మాత్రం ఒకటే సందేహం. ఆ మంచుదేశం వాళ్ళకు మా నాన్న తాళం ఎవరు చెప్పి ఉంటారు?

మీ ఇంట్లో పాట ఎప్పుడూ ఆగకూడదు, పిల్లాపాపలతో చల్లగా ఉండండి.