మైకు చేతికి జెండా

సెలూన్ మాస్టారికి రెండు పనులు. ఒకటి మూడు కుర్చీల సెలూన్. అది కూడు పెడుతుంది. రెండోది పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గిరీ. అది తిన్న కూడు అరగనివ్వదు.

వయసులో ఉండగా ఆయన గోల్‌కీపరు. ఆ రోజుల్లో విరిగిన ఎడమచేతి చిటికెనవేలు సరిగ్గా అతుక్కోక ఓ పక్కకి తిరిగిపోయింది. జుట్టు కత్తిరిస్తున్నంతసేపూ ఆ వేలొక్కటే పనితో తనకి సంబంధం లేనట్టు కిటికీ వైపు చూస్తుంటుంది. కూతురు జట్టులో చేరిన ఏడాది పాత కోచ్ ఊరు మారిపోయాడు. "కొత్తాయన దొరికేదాకా ఓ నాలుగు వారాలు చూసుకోండి మాస్టారూ" అన్నారు లీగ్ వాళ్ళు. కూతురు పెద్దదై, ఆట మానేసి కాలేజీలో పడింది. కొత్తాయన మాత్రం ఇంకా దొరకలేదు.

భార్య పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. "నా దగ్గరికొచ్చినవాళ్ళు నోరు తెరుస్తారు కానీ మాట్లాడలేరు. మీ దగ్గరికొచ్చినవాళ్ళు నోరు ముయ్యరు. ఎవరి రాత వాళ్ళది" అనేది ఆవిడ.

ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. కోచ్ అంటే బంతి తన్నడం నేర్పేవాడని బయటివాళ్ళు అనుకుంటారు. అది అందులో వీసమెత్తు. ఆదివారం పొద్దున్నే ఏ పిల్ల ఏమీ తినకుండా వచ్చిందో మొహం చూసి పట్టుకోవాలి. మోకాలు చెక్కుకుపోయిన పిల్లకి మంచుగడ్డల సంచీ, చెక్కుకుపోకుండానే ఏడ్చే పిల్లకి మంచిమాట సిద్ధంగా ఉంచుకోవాలి. ఆట అయ్యాక చిట్టచివరి పిల్లని వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళేదాకా గేటు దగ్గర కాపలా కాయాలి. "ఈ వారం నువ్వు బెంచీ మీద కూర్చోవాలమ్మా" అని పిల్ల కళ్ళలోకి చూసి చెప్పాలి. చెప్పాక వాళ్ళమ్మ కళ్ళల్లో పడకుండా తప్పించుకోవాలి.

తప్పించుకుని సెలూన్‌కి వస్తే అక్కడ నాన్నలు కూర్చుని ఉండేవాళ్ళు. "ఇక్కడ జుట్టు గురించి మాత్రమే మాట్లాడవలెను" అని అద్దం పైన ఒక బోర్డు పెట్టాడు మాస్టారు. దాన్ని అందరూ చదివారు, చక్కగా రాశారన్నారు, ఆ తర్వాత జట్టు గురించి మొదలెట్టారు. నెత్తిన పట్టుమని పాతిక వెంట్రుకలు లేని లెక్చరరొకాయన నెలకి మూడుసార్లు కటింగ్‌కి వచ్చేవాడు. ఆయన కూతురు బెంచీ మీద ఉంది మరి! మాస్టారు ఆ పాతికనీ ఎంతో శ్రద్ధగా, ఒక్కోదాన్నీ పలకరించినట్టు కత్తిరించి, అద్దం వెనక్కి పెట్టి చూపించి, "పిల్ల సంగతి చూద్దాం సార్" అని పంపేసేవాడు. చూద్దాం అన్నవాడు చూడకపోతే అబద్ధమాడినట్టు కాదని ఆయన సిద్ధాంతం.

ఇన్ని తలకాయల్లోకీ మాస్టారికి తలనొప్పి ఒక్కటే. ఫర్నిచర్ షాపాయన. షాపులో ఆయనంత నెమ్మదస్తుడు లేడు. ఒక కుర్చీ కొనడానికి నలభై కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్ళని కూడా చిరునవ్వుతో భరించేవాడు. గ్రౌండ్ గేటు దాటాడా, ఇక పూనకమే. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు మైకు. ఆయన కూతురికి పెట్టిన పేరు రాకెట్టు. జట్టులో గోల్స్ కొట్టేది ఆ పిల్లే. ఆమె కాలికి బంతి తగిలితే చాలు, "కొట్టు! కొట్టెయ్యి! కొట్టవేం?" అని గీత అవతల పరుగులు పెట్టేవాడు. తప్పెప్పుడూ రిఫరీదే, లేకపోతే గీత పక్కన జెండా పట్టుకుని నిలబడే మనిషిది.

ఆ సీజన్లో ఒకే ఒక్క మ్యాచ్ మిగిలి ఉండగా ఆయన రిఫరీని పట్టుకుని, "నీకు ఈల ఇచ్చినవాణ్ణి అనాలి! కూరల బండి దగ్గర తూకం వెయ్యడానికైనా పనికొస్తావా?" అన్నాడు. మర్నాడు మాస్టారిని లీగ్ కార్యదర్శి పిలిపించింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఎదుట కూర్చున్నవాడెవడైనా సరే హోంవర్కు చెయ్యనివాడిలాగే కనిపిస్తాడు ఆవిడకి.

"అరిచిందెవరు?" అంది.

"ఒక పిల్ల తండ్రి అండీ. నేను కాదు."

"తల్లిదండ్రుల నోటికి బాధ్యుడెవరు? రూల్స్ చదివారా?"

"కోచ్ అండీ."

"ఇంకొక్కసారి ఆయన నోరు లేస్తే మీరు వచ్చే ఏడంతా గ్రౌండ్లో కనిపించరు. వెళ్ళండి."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, తిట్లు తిన్నదానికన్నా పక్కగదిలో గుమాస్తా కిసుక్కుమన్నదే మాస్టారిని ఎక్కువ పొడిచింది. మిగిలిన మ్యాచ్ అంటారా, అది గెలిస్తే జట్టు పై డివిజన్‌కి వెళుతుంది. డ్రా అయినా లాభం లేదు. అలాంటి మ్యాచ్‌లో మైకు నోరు మూయించడం బ్రహ్మతరం కూడా కాదు.

రెండు రోజులు పోయాక ఫర్నిచర్ షాపాయన గడ్డం గీయించుకోడానికి వచ్చి కుర్చీలో వాలాడు. "మాస్టారూ, ఆదివారం మా అమ్మాయిని మధ్యలోంచి..." అంటుండగానే మాస్టారి బ్రష్షు వచ్చి నోటి మీద పడింది. గడ్డం మీద నురుగు ఎంత ఉందో పెదాల మీదా అంతే ఉంది. ఆ తర్వాత కత్తి వచ్చి గొంతు మీద నిలబడింది.

"కదలకండి సార్, కొత్త బ్లేడు" అన్నాడు మాస్టారు తేనె పూసినట్టు. "ఆదివారం మనకో చిక్కొచ్చిపడింది. జెండా పట్టుకునే మనిషిని ప్రతి జట్టూ ఒకర్ని ఇవ్వాలి కదా. మనవైపు పట్టుకునే పెద్దాయనకి నడుం పట్టేసింది. ఆట తెలిసినవాడు కావాలి. తెలిసినవాడంటే మీ తర్వాతే ఎవరైనా. అవునా?"

"ఊఁ" అన్నాడు మైకు. అంతకంటే అంటే పీక తెగుతుంది.

"జెండా పట్టుకున్న మనిషి గట్టిగా మాట్లాడకూడదు. అది రూలు. మీకు తెలియనిదా?"

"ఊఁహూఁ!"

"కదలకండి సార్. బంతి అందించే క్షణానికి ఎదుటి జట్టు చివరి మనుషుల్ని దాటి ముందుకెళ్ళి ఎవరైనా ఉంటే జెండా ఎత్తాలి. ఆఫ్‌సైడ్. ఏ జట్టైనా సరే. సరేనా?"

"ఊఁ... ఊఁ?"

"రెండుసార్లు ఊఁ అన్నారు. ఇక మాటంటే మాటే" అని మాస్టారు తువ్వాలు దులిపాడు. పక్క కుర్చీలో ఉన్న లెక్చరరు సాక్షి.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెబితే భార్య నవ్వలేదు. "దొంగ చేతికి తాళాలిచ్చారు" అంది.

"తాళాలు చేతిలో ఉంటే దొంగ కూడా నిద్రపోకుండా ఇంటిని కాస్తాడే" అన్నాడు మాస్టారు.

ఆదివారం వచ్చింది. ఫర్నిచర్ షాపాయన ఇస్త్రీ చేసిన నల్ల ప్యాంటు, కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు. జెండా ఇవ్వగానే దాన్ని రెండుసార్లు గాలిలో ఊపి బరువు చూసుకున్నాడు. రాకెట్టు నెత్తి కొట్టుకుంది. "కోచ్, మా నాన్నకి జెండా ఎవరిచ్చారు? ఇంట్లో రిమోట్ ఇస్తేనే తట్టుకోలేం!"

జెండా మనిషి గ్రౌండ్లో ఒక సగాన్నే చూసుకోవాలి. మొదటి సగం ఆటలో అటు దాడికి వచ్చేది ఎదుటి జట్టు. మైకుకి పండగే. మూడుసార్లు జెండా ఎత్తాడు, మూడూ సరైనవే. నోట్లోంచి మాటలేదు. అంత ఆవేశమూ చేతిలోకి దిగిపోయి జెండా టపటపలాడింది. ఎదుటి జట్టు తాలూకు ఒక తల్లి "ఏమయ్యా, కళ్ళు మూసుకుని ఎత్తుతున్నావా?" అని అరిస్తే ఆయన వెనక్కి తిరిగి చూశాడు. గీత అవతల తను రోజూ నిలబడే చోటే ఆవిడ నిలబడి ఉంది. ఏమనిపించిందో ఏమో, మళ్ళీ ముందుకి తిరిగాడు.

విరామం అయ్యాక జట్లు వైపులు మారాయి. మైకు మాత్రం అక్కడే ఉండాలి. అంటే ఇప్పుడు తన సగంలోకి దాడికొచ్చేది కూతురి జట్టే. ఈ సంగతి మాస్టారికి ముందే తెలుసు. మైకుకి అప్పుడే తెలిసింది. ఆయన మాస్టారి వైపు చూసిన చూపుకి నురుగు లేకుండానే గడ్డం ఊడిపోవాలి. మాస్టారు ఆకాశంలో మబ్బులున్నాయేమోనని చూస్తూ నిలబడ్డాడు.

చెరో గోల్‌తో స్కోరు సమానంగా ఉంది. ఆట ముగియబోతోంది. మధ్యలో ఆడే బొంగరం అనే పొట్టిపిల్ల ఇద్దర్ని తప్పించి బంతిని ముందుకి నెట్టింది. రాకెట్టు దాన్ని అందుకుని ఒక్క తన్ను తన్నింది. బంతి వెళ్ళి వల వెనక భాగాన్ని ముద్దుపెట్టుకుంది. బెంచీ మీది పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. లెక్చరరు గారు చేతిలో ఉన్న నీళ్ళసీసాని తన నెత్తినే కుమ్మరించుకున్నాడు. మాస్టారు అక్కడికక్కడే రెండడుగులు ఎగిరాడు.

దిగేటప్పటికి జెండా లేచి ఉంది.

మైకు చెయ్యి నిటారుగా ఉంది. మొహం మాత్రం ఆ చెయ్యి తనది కాదన్నట్టుంది. రిఫరీ ఈల ఊదాడు. గోల్ చెల్లలేదు. ఇంకాసేపటికి ఆట అయిపోయింది. డ్రా.

ఆ తర్వాత జరిగినదాంట్లో నవ్వులాట లేదు. గోడ అని పిలిచే గోల్‌కీపరు పిల్ల గ్లవ్స్ విసిరికొట్టి ఏడ్చింది. తల్లులూ తండ్రులూ మైకుని చుట్టుముట్టారు. "సొంత పిల్ల గోలేనయ్యా!" "చెయ్యి దించుకుని ఉంటే నీ సొమ్మేం పోయింది?" రోజూ అందరికన్నా గట్టిగా అరిచే మనిషి జెండాని కర్రకి చుట్టుకుంటూ నిలబడ్డాడు. చివరికి లెక్చరరు, "అసలీయనకి జెండా ఇచ్చిందెవరు?" అన్నాడు, సాక్షి తనేనన్న మాట మరిచిపోయి.

"నేనే" అన్నాడు మాస్టారు. "ఆయన సరిగ్గానే ఎత్తాడు. అనేదేమైనా ఉంటే నన్ననండి."

అనమన్నందుకు అన్నారు, బాగానే అన్నారు.

రాకెట్టు కారెక్కనని బెంచీ మీద కూర్చుంది. మాస్టారు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. సరదాకి చేసిన పని ఒక పిల్ల గుండెల మీద పడిందని అప్పటికి బాగా తెలిసొచ్చింది ఆయనకి. ఆమె బూటు లేసు ముడి విప్పిపెట్టాడు.

"నాన్న ఎందుకెత్తాడు కోచ్?"

"నువ్వు ముందున్నావా లేదా?"

"ఉన్నా. అయితే మాత్రం?"

మాస్టారికి నవ్వాగలేదు. ఆ పిల్లకీ ఆగలేదు, కాకపోతే ముక్కు చీదుకుంటూ నవ్వింది.

"ఎంత ముందున్నావ్?"

"అడుగున్నర. రెండు కూడా ఉండొచ్చు."

"బొంగరం తన్నేదాకా ఆగి ఉంటే?"

"ఆగుతుంటే నాకు లోపల నాన్న గొంతే వినిపిస్తుంది కోచ్, కొట్టెయ్యి కొట్టెయ్యి అని. ఇవాళ ఆయన అరవకపోయినా వినిపించింది."

మాస్టారు విప్పిన లేసుని మళ్ళీ ముడివేశాడు. తర్వాత, "జెండా ఇచ్చింది నేను. ఇంటికెళ్ళాక ఆయన మీద అలగకు. అలగాలనుంటే వచ్చి నా మీద అలుగు, సెలూన్ ఎలాగూ తెరిచే ఉంటుంది" అన్నాడు. పిల్ల లేచి వెళ్ళి కారెక్కింది. వెనక సీట్లో.

ఆ వారంలోనే తల్లిదండ్రులందరూ కలిసి సెలూన్‌లో సమావేశం పెట్టారు. కోచ్‌ని మార్చాల్సిందేనని తీర్మానించారు. మాస్టారు కుర్చీలు తుడుస్తూ, "మంచిది. రేపట్నుంచి ఎవరొస్తారు? బంతుల సంచీ అప్పగిస్తాను, పొద్దున ఆరింటికి" అన్నాడు. ఒకాయనకి షిఫ్టు డ్యూటీ గుర్తొచ్చింది. ఒకావిడకి మోకాళ్ళు గుర్తొచ్చాయి. లెక్చరరు గారు బోర్డు వైపు చూసి, "ఇక్కడ జుట్టు గురించి మాత్రమే మాట్లాడాలని రాసుంది కదండీ" అన్నాడు. సమావేశం ముగిసింది.

ఫర్నిచర్ షాపాయన నెల దాటాక వచ్చాడు, గుబురు గడ్డంతో. కుర్చీలో కూర్చుంటూనే, "ముందు బ్రష్షు పక్కన పెట్టండి. నేను మాట్లాడాలి" అన్నాడు. మాస్టారు పెట్టేశాడు.

"ఆ రోజు చెయ్యి దానంతటదే లేచింది మాస్టారూ. లేచాక దింపుదామనుకున్నా. దిగలేదు. ఇంట్లో మూడు రోజులు అన్నం పెట్టారు కానీ మాట పెట్టలేదు."

"తప్పు నాదే సార్. మీ నోరు మూయిద్దామని చేశా."

"తెలుసు. గడ్డం గీస్తున్నప్పుడే తెలుసు. పీక మీద కత్తుంటే ఏమంటాను?" అని ఆయన జేబులోంచి ఓ ఈల తీసి చూపించాడు. రిఫరీల శిక్షణలో చేరాడట. పదేళ్ళలోపు కుర్రాళ్ళ మ్యాచ్‌లు ఇస్తున్నారట. "మొన్న ఒక బామ్మగారు చేతికర్ర పట్టుకుని గ్రౌండ్లోకి వచ్చేసింది, మనవడికి పెనాల్టీ ఇవ్వలేదని. బాగుంది మాస్టారూ. భలే బాగుంది."

"అమ్మాయి మాట్లాడుతోందా?"

"మాట్లాడకేం? రూల్స్ పుస్తకం ఒప్పజెప్పించుకునేది అదే. ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదట్నుంచీ చదివిస్తోంది."

జట్టు ఆ తర్వాతి ఏడాది పై డివిజన్‌కి వెళ్ళింది. అదేమంత ఘనంగా కాదు. జల్లు పడుతుండగా, ఎదుటి జట్టు పిల్లే పొరపాటున తలతో బంతిని తన వలలోకి నెట్టుకుంది. ఎలాగైతేనేం, గోల్ గోలే. పిల్లలందరూ కలిసి మాస్టారిని భుజాలకెత్తుకున్నారు. పదకొండు మందీ పదకొండు ఎత్తులు. నాలుగడుగులు మోసి, బురదలో దబ్బున వదిలేశారు. ఆయన లేవకుండా అక్కడే పడుకుని నవ్వుతుంటే మీద కూర్చుని మరీ ఫోటోలు దిగారు.

సాయంత్రం ఇంట్లో బోర్లా పడుకున్న మొగుడి నడుముకి మందు రాస్తూ, "ఇక గెలిచారుగా. ఎవరికైనా అప్పజెప్పండి" అంది భార్య.

"అప్పజెబుదాం" అన్నాడు మాస్టారు దిండులోకి. కాసేపాగి, "పై డివిజన్ మ్యాచ్‌లు గంట ముందే మొదలవుతాయట. నువ్వు కూడా లేవాలి, పెద్ద సంచీ ఒక్కణ్ణే మొయ్యలేను" అన్నాడు.

ఆవిడ నడుం మీద ఒక్కటిచ్చింది. మందు బాగా పట్టడానికే అంది.