గంటకు పదిహేను కిలోమీటర్లు

రాజ్యాలు ఎప్పుడు పుట్టాయో ఎప్పుడు కూలాయో చరిత్ర పుస్తకాల్లో తేదీలతో సహా దొరుకుతుంది. అద్దాలాయన మాట్లాడే ముందు కళ్లజోడు తుడుచుకోవడం ఏనాడు మొదలుపెట్టాడో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఇది చరిత్రకారుల అశ్రద్ధ తప్ప మరొకటి కాదు. ఆ ఇంట్లో గత పదహారేళ్లుగా జరిగిన యుద్ధాలన్నీ ఆ తుడుపుతోనే మొదలయ్యాయి.

అందిన ఆధారాలను బట్టి తొలి ఘట్టం పెళ్లయిన మూడో రోజున నడిచింది. అత్తగారు కూర వడ్డించి, "ఎలా ఉంది బాబూ?" అని అడిగింది. లోకజ్ఞానం ఉన్న అల్లుడెవడైనా లొట్టలేసి ఊరుకుంటాడు. ఈయన కళ్లజోడు తీశాడు. జేబులోంచి నాలుగు మడతల రుమాలు తీశాడు. కుడి అద్దం, ఎడమ అద్దం, ఎందుకైనా మంచిదని మళ్లీ కుడి అద్దం తుడిచాడు. పెట్టుకుని కూరను పరిశీలనగా చూశాడు.

"ఉప్పు తక్కువ" అన్నాడు.

ఉప్పు నిజంగానే తక్కువ. ఆవిడ క్షమించలేకపోయింది కూడా అందుకే.

ఆయన పని చేసేది కళ్లజోళ్ల దుకాణంలో. వెనక గదిలో సానరాయి ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తాడు. ముందు గదిలోకి రావద్దని యజమాని బతిమాలి చెప్పాడు. ఒకసారి వచ్చినప్పుడు, జుట్టుకు నిగనిగా రంగేసుకున్న ఒకావిడతో నలుగురి ముందూ, "చత్వారం వచ్చిందమ్మా, నలభై దాటిన వాళ్లకి మామూలే" అన్నాడు. ఆవిడ తన చత్వారాన్ని తీసుకుని ఎదురు దుకాణానికి వెళ్లిపోయింది.

అలాంటి మనిషికి ఆదివారాల్లో తగిన ఉద్యోగం ఒకటి దొరికింది. ఊరి చివర కార్ల పందేల ట్రాక్ ఉంది. అక్కడ మలుపుల దగ్గర నిలబడే వాళ్ల కంటిచూపు ఏడాదికోసారి పరీక్ష చేయించాలని నియమం. పదకొండేళ్ల కిందట ఆ పరీక్ష చేయడానికి వెళ్లిన అద్దాలాయన, అక్కడ నిలబడ్డ వాళ్లందరికన్నా తన చూపే బాగుందని తేల్చి, తనే నిలబడిపోయాడు. జీతం లేదు. ఒక నారింజ రంగు చొక్కా, ఒక విజిల్, మధ్యాహ్నం ఒక భోజనం పొట్లం.

ఆయనది నాలుగో మలుపు. టైర్ల గోడ, ఇసుక బస్తాలు, ఇనుప వల, దాని వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ. ముందు ఏదైనా కారు తిరగబడితే పసుపు జెండా ఊపాలి. పసుపు జెండా ఊగుతున్నంతసేపూ డ్రైవర్లు వేగం తగ్గించాలి, ముందున్న కారును దాటకూడదు. దాటిన వాడి నంబరు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పందెం ముగిసిన అరగంటలోగా ఆఫీసులో ఇవ్వాలి. అరగంట దాటితే ఆ కాగితం పకోడీలు కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే ఆ పందేల్లో ఇరవై ఏడో నంబరు కారు నడిపేది ఆయన బావమరిది.

బావమరిదికి ముప్పై ఒక్కేళ్లు. ఇంట్లో మాత్రం 'చిన్నోడు'. అక్క ఇంట్లోనే తల్లితో పాటు ఉంటాడు. మెట్లు దిగితే మూడేసి దిగుతాడు. తలుపు మూస్తే పక్క వాటా వాళ్లు ఉలిక్కిపడతారు. ట్రాక్ మీద అతని ఖాతాలో అప్పటికి తొమ్మిది తప్పు మార్కులున్నాయి. ఒకణ్ని పక్కనుంచి గుద్ది గడ్డిలోకి తోసినందుకు మూడు. గడ్డిలోంచి తనే అడ్డదిడ్డంగా ట్రాక్ మీదికి ఎక్కినందుకు మూడు. రిపేరు దారిలో వేగంగా పోయినందుకు రెండు. మందలించిన అధికారికి చేత్తో ఒక సైగ చేసినందుకు ఒకటి. పన్నెండు నిండితే పందేల లైసెన్సు ఊడుతుంది. ఎన్నాళ్లన్నది విచారణ చేసేవాళ్ల ఇష్టం. అంతకుముందు పన్నెండు నింపుకున్న వాడికి ఏడాది వేశారు. ఈలోగా అతని సీట్లో జట్టు యజమాని ఇంకొకణ్ని కూర్చోబెట్టాడు. సీటు పోయినవాడు ఇప్పుడు స్పేర్ పార్టుల కొట్లో నట్లు తూచి అమ్ముతున్నాడు.

ఆ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అందుకే ఆ ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు అల్లుడి ముందు టక్కున పెడుతూ అత్తగారు నాంది పలికింది.

"ఇవాళ చిన్నోడి పందెం ఉంది."

"తెలుసండీ."

"మీ మలుపు మీదుగానే పోతాడు."

"అందరూ పోతారండీ. వేరే దారి లేదు."

"అందరి సంగతి నాకెందుకు? ఇంటి పిల్లాడు. చూసీ చూడనట్టు పోతే మీ సొమ్మేం పోయింది?"

అద్దాలాయన కళ్లజోడు తీశాడు.

"అమ్మా, తుడుస్తున్నాడే!" అని చిన్నోడు టిఫిన్ ప్లేటు ముందునుంచి అరిచాడు. "బావా, ఆ రుమాలు లోపల పెట్టు. నీకు దండం పెడతా. నేను తప్పు చేస్తే కదా నువ్వు రాసేది!"

"చేస్తావు కాబట్టే మీ అమ్మగారు ముందే చెబుతున్నారు" అన్నాడు అద్దాలాయన.

ఆ తర్వాత ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

పందెం తొమ్మిదో చుట్టులో ఒక కారు నాలుగో మలుపు దగ్గర గింగిరాలు తిరిగి ట్రాక్‌ను ఆనుకున్న కంకర గుంటలో కూరుకుపోయింది. ఆ మలుపు కాపలా పోస్టులో అద్దాలాయనతో పాటు ఉండేది ఒక డ్రిల్లు టీచరమ్మ. మంటలార్పే సిలిండర్ చంకన పెట్టుకుని ఆవిడ వల దాటి పరిగెత్తింది. కారు తలుపు బిగుసుకుపోయింది. ఆవిడ ట్రాక్ అంచున మోకాళ్ల మీద కూర్చుని కిటికీలోంచి డ్రైవర్ బెల్టు విప్పుతోంది. అద్దాలాయన పసుపు జెండా రెండు చేతులా ఊపుతున్నాడు.

రెండు కార్లు వచ్చాయి. ముందున్న కారు వేగం తగ్గించింది. వెనక కారు తగ్గించలేదు. సందు దొరికిందే చాలనుకుని బయటి అంచు మీదుగా దాన్ని దాటేసి రయ్యిన పోయింది. ఆ గాలికి టీచరమ్మ టోపీ ఎగిరి టైర్ల గోడ అవతల పడింది. కారుకూ ఆవిడ వీపుకూ మధ్య రెండు మూరలుంటే గొప్ప.

ఇరవై ఏడు.

కళ్లజోడు తుడుచుకోవడానికి వ్యవధి లేదు. అవసరమూ లేదు.

టీచరమ్మ డ్రైవర్‌ను బయటికి లాగి వెనక్కి తీసుకొచ్చింది. "ఎవడా వెధవ?" అంది తల తడుముకుంటూ.

"మా బావమరిది" అన్నాడాయన.

ఆవిడ సిలిండర్ కింద పెట్టింది. "రాస్తారా?" అంది.

ఆయన రాస్తున్నాడు. అక్షరాలు వంకర పోతున్నాయి. సానరాయి మీద వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి, అంకెలు రెండు రాయడానికి రెండు కాగితాలు పాడుచేసింది.

పందెం మూడు గంటల పది నిమిషాలకు ముగిసింది. కాగితాలు పోగుచేసుకుపోయే జీపు ఆ దెబ్బతిన్న డ్రైవర్‌ను ఎక్కించుకుని ఆస్పత్రికి పోయింది. కార్లన్నీ లోపలికి చేరేదాకా పోస్టు వదలకూడదని మరో నియమం. ఆయన వల దాటి బయటికొచ్చేసరికి మూడూ ఇరవై రెండు. ఆఫీసు ట్రాక్‌కు అవతలి చివర. చుట్టూ తిరిగి నడిస్తే అరగంట పైనే.

సరిగ్గా అప్పుడు ఒక స్కూటర్ వచ్చి ఎదురుగా ఆగింది. నడుపుతున్నది బావమరిది. ముఖంలో పశ్చాత్తాపం లాంటిదేదీ లేదు. చేతిలో రెండో హెల్మెట్ ఉంది.

"ఎక్కు బావా. ఆఫీసు దాకా దింపుతా."

"ఎందుకు?"

"నడిస్తే గడువు దాటిపోతుంది కదా. నా మీద చాడీ నా బండి మీదే వెళ్లనీ. అందులో ఉన్న మర్యాదే వేరు!"

అద్దాలాయనకు అనుమానం రాకపోలేదు. కానీ గత్యంతరం లేదు. ఎక్కాడు. తలకు హెల్మెట్, గుండెకు కాగితం బిగించుకుని, ప్రాణాలరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. కొంపదీసి గోడకు గుద్దేస్తాడేమో అనుకున్నాడు.

ఆయన ఊహ తప్పయింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారిగా చిన్నోడు బండి నెమ్మదిగా నడుపుతున్నాడు.

దారి పక్కన బోర్డు ఉంది: వేగం గంటకు పదిహేను కిలోమీటర్లు మించరాదు. రెండేళ్ల కిందట ఏదో జట్టు స్కూటర్ ఒక పెట్రోలు డబ్బాను గుద్దినప్పుడు, ఏడు ఉత్తరాలు రాసి ఆ బోర్డు పెట్టించిన మహానుభావుడు ప్రస్తుతం వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు.

"కొంచెం పోనివ్వచ్చు" అన్నాడా మహానుభావుడు, గొంతు సవరించుకుని.

"అమ్మో! బోర్డు చూడలేదా బావా?"

"నువ్వు పదిహేను కూడా పోవట్లేదు. ఎనిమిది."

"మించకూడదన్నారు. తగ్గకూడదని ఎక్కడుంది? ఉంటే చెప్పు, ఇప్పుడే మార్చుకుంటా."

అద్దాలాయన నూట నలభై పేజీల నిబంధనల పుస్తకాన్ని మనసులోనే అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాడు. లేదు. నత్తకు శిక్ష వేసే నిబంధన ఒక్కటీ లేదు.

నడిచేవాళ్లు దాటే తెల్ల చారలు వచ్చాయి. చిన్నోడు ఆపాడు. కాళ్లు రెండూ కింద పెట్టాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. దూరంగా ఎవరో ఇద్దరు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు.

"రండి రండి, దాటండి" అని పిలిచాడు.

"మేం దాటట్లేదండీ!"

"ఆలోచించుకోండి, తొందరేం లేదు."

"ఒరేయ్!" అన్నాడు అద్దాలాయన.

"తిట్టకు బావా. బండి నడిపేవాడి దృష్టి మళ్లించకూడదు. అదీ నీ పుస్తకంలోదే."

స్పీడ్ బ్రేకర్ దగ్గర, పాత టైర్ల బండి తోసుకుంటూ పోతున్న ముసలాయన వాళ్లను దాటిపోయాడు. దాటుతూ వెనక్కి తిరిగి, "బండి చెడిందా బాబూ, తొయ్యమంటారా?" అని అడిగాడు కూడా.

మూడూ ముప్పై మూడు. ఇంకా కిలోమీటరు పైన ఉంది.

"అక్కడ ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చూశావా?" అన్నాడు అద్దాలాయన. గొంతులో వెటకారం లేదు.

చిన్నోడు హ్యాండిల్ సరిచేసుకున్నాడు. "తగల్లేదుగా" అన్నాడు.

"ఆపు."

"ఆపితే ఇంకా లేటవుతుంది, ఆలోచించుకో."

"ఆపమన్నానా!"

ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోయే బండి మీద నుంచి దిగడానికి పెద్ద సాహసం అక్కర్లేదు. ఆయన దిగేశాడు. పక్కనే ట్రాక్ మీదుగా ఇనుప వంతెన ఉంది. అరవై నాలుగు మెట్లు ఎక్కి, అరవై నాలుగు దిగితే ఆఫీసు వాకిలి. వంతెన మొదట్లో ఇంకో బోర్డు: పరుగెత్తరాదు. దాన్ని ఎవరు పెట్టించారో వేరే చెప్పాలా?

ఆయన పరుగెత్తలేదు. నడవనూ లేదు. ఆ రెంటికీ మధ్య, మోకాళ్లు వంచకుండా, పిర్రలు మాత్రమే పని చేసే ఒక గమనాన్ని అక్కడికక్కడ కనిపెట్టాడు. వంతెన సగంలో ఉండగా జేబులో ఫోన్ మోగింది. భార్య. తల్లితో పాటు గ్యాలరీలో కూర్చుని ఉంది.

"మీరు వంతెన మీద పోవడం ఇక్కణ్నుంచి కనిపిస్తోంది. అదేం నడకండీ?"

"తర్వాత మాట్లాడతా."

"ఆ కాగితం ఇచ్చి వచ్చారంటే రేపట్నుంచి మీకు వండి పెట్టే వాళ్లుండరు."

"వండుకుంటా."

"వండుకోండి! ఉప్పెంత వెయ్యాలో లోకంలో మీ ఒక్కరికే తెలుసుగా!"

వెనక నుంచి అత్తగారి గొంతు, "ఆయన కళ్లు పోను" అని స్పష్టంగా వినిపించింది. కళ్లజోళ్ల దుకాణం వాడికి అంతకన్నా పెద్ద శాపం లేదు. ఆయన ఆగలేదు.

మూడూ ముప్పై తొమ్మిదికి కాగితం గుమాస్తా బల్ల మీద పడింది. చెమటకు ఒక మూల తడిసింది. గుమాస్తా గోడ గడియారం చూసి, ముద్ర కొట్టి, "మంచినీళ్లు తాగుతారా?" అని అడిగింది. ఆయన గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

విచారణ చేయడానికి ముగ్గురు అధికారులు కూర్చున్నారు. చిన్నోడు బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకున్నాడు.

"జెండా కనబడలేదు సార్. మా బావ కొంచెం పొట్టి."

"ముందు కారు వాడికి కనబడిందే?"

"వాడికి ఈయన బావ కాదు సార్. ఇంట్లో నా మీద ఎంత కక్ష ఉందో మీకు తెలీదు."

ముగ్గురిలో పెద్దాయన అద్దాలాయన వైపు తిరిగాడు. "కక్ష ఉందా?"

అద్దాలాయన కళ్లజోడు తీసి తుడిచాడు. గదిలో ముగ్గురూ ఓపిగ్గా చూశారు.

"ఉందండీ. చాలా ఉంది. కానీ అది కాగితంలో రాయలేదు. చూసింది మాత్రమే రాశాను."

టీచరమ్మ ఏమీ వాదించలేదు. దుమ్ము కొట్టుకున్న టోపీ బల్ల మీద పెట్టి, అది ఎక్కడ దొరికిందో చెప్పింది. పెద్దాయన దాన్ని కాసేపు చూసి పక్కవాళ్ల చెవిలో ఏదో అన్నాడు.

మూడు మార్కులు పడ్డాయి. పన్నెండు నిండాయి. బయట అత్తగారు ఏడుస్తూ అల్లుణ్ని వంశం మొదలుకొని దులిపేసింది. భార్య మొహం తిప్పుకుని నడిచింది. చిన్నోడు దగ్గరికొచ్చి, "బావా, ఈ జన్మకి నీతో మాటల్లేవు" అని చెప్పి, ఆ మాట ఇంకో మూడుసార్లు చెప్పాడు. జట్టు యజమాని పలకరించలేదు. టీచరమ్మ మాత్రం వచ్చి గట్టిగా చెయ్యి కలిపింది. బంధువులందరూ ఒక వైపు, న్యాయం ఒక వైపు నిలిచిన వేళ తాను న్యాయం పక్కన నిలబడ్డానన్న ఎరుకతో అద్దాలాయన నడుం నిటారుగా నిలిపి, నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి, అంటించిన తీర్పు చదివాడు.

లైసెన్సు రద్దు ఆరు నెలలు. సీజన్‌లో అదే ఆఖరి పందెం. తర్వాతి సీజన్ మొదలయ్యేది ఆనాటి నుంచి ఏడో నెలలో.