నాకోసం ఆపిన ఆఖరి మాట

సహోదరులారా, అక్కల్లారా, ప్రభువు పేరట మీకు వందనాలు. పోయిన చలికాలం మీలో కొందరు మా ఇంటికి కూరలు వండి తెస్తే, గిన్నె అందుకుని తలుపు వేసేశాను, లోపలికి రమ్మని కూడా అనలేదు. ఎందుకో ఈ రోజు చెబుతాను.

ఎనిమిదో నెలలో నా బిడ్డ కడుపులోనే కదలడం మానేసింది. కాన్పు చేశారు, ఏడుపు వినపడలేదు. ఈ జర్మనీలో, మన కెమ్నిట్జ్ ఊరి సమాధుల తోటలో అలాంటి పసివాళ్ళకి ఒక మూల స్థలం ఉంది, మా ఆయన ఒక్కడే వెళ్ళి పాతిపెట్టి వచ్చాడు. "పచ్చి ఒళ్ళమ్మా, నువ్వు మాత్రం ఎల్లకు" అని భీమవరం నుంచి అమ్మ ఫోనులో ఒకటే పోరు పెట్టింది. మన వైపు తల్లి వెళ్ళదు కదా, నేనూ వెళ్ళలేదు.

ఆ తర్వాత నాకు ఏడుపు రాలేదు, ప్రార్థన అసలే రాలేదు, మోకాళ్ళూనితే నోరు కట్టేసినట్టుండేది, దేవుడు ఇంకో బిడ్డనిస్తాడులే అని ఓదార్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. ఇంకో బిడ్డ కావాలని నేనడిగానా? అన్నం సహించక, తల దువ్వబుద్ధి కాక, ఈ బతుకెందుకని అనిపించిన రోజులూ ఉన్నాయి.

మా కింది ఇంట్లో రూడి గారని ఒక పెద్దాయన ఉండేవారు. తలమీద పెద్ద టోపీ, చేతిలో గిటారుతో ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కంట్రీ పాటలు, అదే అమెరికా పల్లెపాటలు, పాడిన మనిషి, ఆయనంటే ఇక్కడివాళ్ళకి ప్రాణం. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆయన గిటారు మొదలుపెడితే చాలు, నా బిడ్డ లోపల తన్నేది. బిడ్డ పోయాక మెట్ల మీద అందరూ తల తిప్పుకుని పోతుంటే, ఆయన ఒక్కరే ఆగి, పాపకి పేరేం పెట్టారమ్మా అని అడిగారు. కృప అని చెప్పాను. టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నారు.

కొన్ని నెలలకి ఆయనా పోయారు. నా బిడ్డ పేరు అడిగిన మనిషి కదా, ఏమైతే అయిందని మా ఆయనతో కలిసి భూస్థాపనకి వెళ్ళాను, అది కూడా ఆ తోటలోనే. మనవాళ్ళు చావుకి కట్టుకునే తెల్లచీరే కట్టుకున్నాను, తీరా చూస్తే అభిమానులందరూ నల్లకోట్లలో ఉన్నారు, నేనొక్కదాన్నే తెల్లగా నిలబడ్డాను.

రూడి గారికి ఒక అలవాటు ఉండేదట. ఎక్కడ పాడినా చివరికి ఇల్లు చేరడం గురించిన పాటే పాడి, 'ఇంటికి' అనే ఆఖరి మాట దగ్గర గిటారు ఆపేసి టోపీ తీసేవారు, ఆ మాట జనమే పాడాలి. సమాధి దగ్గర ఒకతను ఆ పాటే వాయించి ఆపాడు, జనం అందుకున్నారు, కొండల్లాంటి మగవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు మాత్రం కన్ను తడవలేదు.

రూడి గారి భార్య నా దగ్గరికొచ్చి చీర కొంగు పట్టుకుని, "ఇక్కడ తెల్లపెట్టెలో పసిపిల్లల్నే పెడతారమ్మా. ఈ తెలుపు పాప కోసం కట్టుకున్నావా?" అంది.

నేను కాదనలేకపోయాను. "ఎక్కడుంది పాప?" అంది. నాకు తెలియదు సహోదరులారా, కన్నతల్లికి తెలియదు. మా ఆయన చెయ్యి చూపించాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిచింది, ఆ జనమంతా టోపీలు చేత పట్టుకుని వెనకే వచ్చారు. చిన్న రాయి, దాని మీద మా ఆయన తన చేత్తో తెలుగులో రాసిన పేరు, కృప.

గిటారు అతను మళ్ళీ అదే పాట వాయించి, ఆఖరి మాట ముందు ఆపాడు. ఈసారి ఎవరూ అందుకోలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. ఆ పాట నాకు పాడటం రాదు, కట్టేసిన నోట్లోంచి మన తెలుగే వచ్చింది. "యేసయ్యా, నా పాప నీ ఇంటికి చేరిందా?"

అన్ని నెలల తర్వాత అది నా మొదటి ప్రార్థన. ఆ బురదలోనే కూలబడి గుండె పగిలేలా ఏడ్చాను, ఏడ్చినంతసేపూ వాళ్ళు కదలకుండా నిలబడ్డారు.

నా ఒడి ఇంకా ఖాళీయే, ఉన్నమాట చెప్పుకోవాలి కదా. కానీ ఇప్పుడు అన్నం తింటున్నాను, ప్రార్థిస్తున్నాను, ఆదివారాలు ఆ రాయి దగ్గరికి వెళ్తున్నాను, ఆ చీకట్లోంచి లేపిన దేవునికే మహిమ. నోరు పెగలక వెనక బెంచీలో కూర్చున్న తల్లి ఎవరైనా ఉంటే, అమ్మా, నీ ప్రభువును నమ్ము. నీ మాట నువ్వే చెప్పాలని ఆయన ఆగి ఉన్నాడు, ఎంతసేపైనా ఆగుతాడు.