మోగని ఇటుకలు

కార్మిక శాఖ ఆఫీసు వెనకాల ఖాళీ జాగాలో ఆరుగురు వరసగా నిలబడ్డారు. అయిదుగురు మగవాళ్లు, చివర అత్తయ్య. ఇరవై ఆరేళ్లుగా గోడలు కడుతున్నా ఆవిడ కార్డులో ఇంకా “కూలీ” అనే ఉంది. ఇవాళ గంటలో అయిదు వరసల గోడ లేపితే “మేస్త్రీ” అని రాసిస్తారు. అప్పుడు తనే పని ఒప్పుకోవచ్చు, నలుగురిని పెట్టుకోవచ్చు. తప్పితే మళ్లీ రెండేళ్ల దాకా పరీక్ష లేదు.

ఫారం నింపడానికి ఆవిడకు తోడొచ్చిన కోడలు కంచె పక్కన నిలబడి చూస్తోంది.

పరీక్ష పెట్టే ఆఫీసరు ఈల వేశాడు. మగవాళ్ల చేతులు చకచకా ఆడాయి. అత్తయ్య మాత్రం గొంతుక్కూర్చుని, ఒక్కో ఇటుకనూ తాపీ పిడితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటోంది. కొన్ని ఇటు, కొన్ని అటు.

“ఏం పిన్నీ, ఫోన్లో ఎవరు?” పక్కతను నవ్వాడు.

“నీ గోడేరా అబ్బాయ్. పడిపోతానంటోంది.”

గంట అయింది. అందరివీ అయిదు వరసలు. ఆవిడవి మూడే.

ఆఫీసరు ఆ మూడు వరసలకీ దారం కట్టిన తూకం గుండు వేలాడదీశాడు. దారానికీ గోడకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా వెంట్రుకవాసి తేడా లేదు. మళ్లీ చూశాడు. తర్వాత ఆవిడ పక్కన పడేసిన ఇటుకను తీసి నేలకేసి కొట్టాడు. లోపల కాలని పచ్చిమట్టి. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే.

“పగలగొట్టకుండా ఎలా తెలిసిందమ్మా?”

“మంచిది మోగుతుందయ్యా. ఇది మూలుగుతుంది.”

ఆయన మిగతా గోడలను ఆవిడలాగే తట్టి చూశాడు. మోగింది. మూలిగింది. మళ్లీ మూలిగింది. కంచె పక్కనున్న కోడలికి కూడా తేడా వినపడింది. నాలుగేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నా ఆ చెవి సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

“పచ్చి ఇటుకలు తెచ్చిపోసింది మావాళ్లు. వాటిని ఏరిన టైము మీ లెక్కలోకి రాదు. ఇంకో అరగంట తీసుకోండి” అన్నాడు ఆఫీసరు.

పావుగంట చాలింది.

కార్డు మీద “మేస్త్రీ” అని రాస్తుంటే కోడలు ఒక్కో అక్షరం చదివి వినిపించింది. అత్తయ్య చీర చెంగుతో తాపీ తుడుచుకుంటూ వింది.

వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ, ఆవిడ ఆఫీసు గోడను వేలి కణుపుతో తట్టింది. ఆగి, మళ్లీ తట్టింది.

“చెప్పకు తల్లీ! ఇంకా ఏడేళ్లు నేనిక్కడే కూర్చోవాలి” అని అరిచాడు ఆఫీసరు.

అందరూ నవ్వారు. కోడలు మాత్రం ఆ గోడకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టింది.