అవ్వ మోసిన మూకుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గదిలోకి వెళ్లాలంటే ముక్కు మూసుకోవలసి వచ్చేది. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఒర్లియంపేటలోని ఆ ఇంట్లో మా పెదనాయన తన చివరి నెలలు ఆ గదిలోనే గడిపాడు. పేగులో క్యాన్సరు. సాంబ్రాణి వేసినా, సున్నం చల్లినా కంపు పోయేది కాదు. నెత్తురూ మలమూ చీమూ కలిసిన ఆ వాసన మా అన్నం ముద్దలోకీ వచ్చేది. ఏళ్ల తరబడి నెత్తురు పడుతున్నా, మూలవ్యాధిలే అని, సిగ్గుతో ఆయన ఏ డాక్టరుకూ చూపించుకోలేదట. చూడవచ్చిన చుట్టాలు కొంగులు అడ్డం పెట్టుకుని వాకిట్లోంచే వెళ్లిపోయేవారు. వాళ్లను తలచుకుంటే ఆ కంపుకన్నా ఎక్కువ రోత నాకు.

ఆయన పోయాక, ఫ్రెంచివాళ్లు ఊరు అప్పగించి ఓడలెక్కుతున్న రోజుల్లో, మా నాయన తన పంచెలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. మగవాళ్లు బట్టలుతికే ఇల్లు కాదు మాది. నాయన తల్లి, మా అవ్వ, దండెం మీది పంచెను వెలుగుకు ఎత్తి చూసింది. ఉతికినా పోని మరక.

"ఏందిరా ఇది?"

"మూలవ్యాధేలే, మా. ఒంట్లో వేడి. వదిలెయ్."

"మీ అన్న కూడా ఇదే చెప్పినాడు."

డాక్టరుకు అలాంటి చోటు చూపించడంకన్నా చావే మేలన్నాడు నాయన. అవ్వ మర్నాడు పొద్దున్నే మట్టి మూకుడు పట్టుకుని దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడింది. నాయన కడుపు బిగబట్టి ఎంతసేపు తిరిగినా ఆమె కదలలేదు. చివరికి మూకుడు లాక్కుని లోపలికి పోయాడు.

ఆయన తెచ్చిపెట్టిన మూకుడు మీద ఆముదపాకు కప్పి, బుట్టలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని అవ్వ ఆసుపత్రికి నడిచింది. ఎండ ఎక్కేకొద్దీ ఈగలు మా వెంటపడ్డాయి. నేను కాలువ పక్కన కక్కుకున్నాను. అవ్వ నా మూతి తుడిచి, "నాకూ అసింగంగానే, రోతగానే ఉండాది. అసింగమని కండ్లు మూసుకున్న్యాం, పెద్దోడు పోయినాడు. నడువు" అంది.

డాక్టరు అరవాయన. ఆకు ఎత్తి, మలానికి చారలా అంటిన నెత్తురు చూశాడు. నవ్వలేదు. అవ్వను పంపి నాయనను పిలిపించి, దీపమున్న గొట్టంతో లోపల పరీక్షించి, పేగు గోడకు కాడతో వేలాడుతున్న చిన్న గడ్డను తీసేశాడు. సీసాలో అది కుళ్లిన రేగుపండులా జిగటగా ఉంది.

"నా పెద్దోడిని తినింది ఇదేనా సామీ?" అని అవ్వ అడిగింది.

అన్నీ అలా మారవనీ, కొన్ని మాత్రం ఏళ్లమీద మెల్లగా క్యాన్సరు అవుతాయనీ, పెదనాయనదీ ఇలాగే మొదలై ఉండవచ్చనీ ఆయన చెప్పాడు. ముక్కను పరీక్షకు పంపి, ఇది ఇంకా మారలేదని తర్వాత కబురు చేశాడు. నాయన మళ్లీ మళ్లీ చూపించుకోవాలనీ, పిల్లలు పెద్దయ్యాక వాళ్లూ చూపించుకోవాలనీ అన్నాడు.

బుట్ట సంగతి వీధంతా తెలిసింది. నాయన చాలారోజులు అవ్వతో మాట్లాడలేదు. కానీ నా పిల్లలను ఎత్తుకుని ఆడించి, పండు ముసలివాడై పోయాడు.

నాకూ రెండుసార్లు అలాంటి గడ్డలే, పాలిప్స్, తీశారు. పరీక్ష ముందు పేగు ఖాళీ చేయడానికి తాగించే ఆ మందునీళ్లు, ఆ పరుగులు, ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు. ఇప్పుడు భోజనాల దగ్గరే నా కొడుకునూ కూతురినీ అడుగుతాను, నెత్తురేమైనా పడుతోందా, పరీక్షకు ఎప్పుడు వెళ్తున్నారు అని. కంచాలు నెట్టేసి మొహాలు చిట్లిస్తారు. చిట్లించనీ. జవాబు చెప్పేదాకా నేను అక్కడినుంచి లేవను.